సొట్టల మీద దుప్పటి

మా బావ పికప్పు బండికి తుప్పు పట్టిందనడం తప్పు. తుప్పుకే అక్కడక్కడా కాస్త బండి పట్టింది. ఇంటి వెనక ఎండకీ వానకీ ఏళ్ళ తరబడి పడి ఉన్న ఆ బండిని మా అక్క బట్టలారేసుకోవడానికి వాడుకునేది. పక్క అద్దం కాడకి తాడు కట్టి, రెండో కొస గోడకున్న మేకుకి బిగించేది. తొట్టిలో ఏదో తీగ మొలిచి, వెనక రేకు దాకా పాకి, ఆ చోటు నచ్చనట్టు మళ్ళీ వెనక్కి తిరిగింది. ఈ బండిని కొత్తదానిలా నిలబెడతానని బావ అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక ఆపుకున్నాను.

నేను పెయింటర్ని. ఇళ్ళకి కాదు, బండ్లకి. బావ సొట్టలు తీసే మేస్త్రి. అక్కని ఆయనకిచ్చి చేసినప్పటి నుంచీ ఇద్దరం ఒకే షెడ్డులో పనిచేస్తూ వచ్చాం. ఆయన రేకు సాపు చేసి ఇస్తేగానీ నేను రంగు చిమ్మే గన్ను పట్టుకోలేను. నేను రంగు కొడితేగానీ ఆయన చేసిందేమిటో లోకానికి తెలియదు. పని బాగా వస్తే అందరూ "మేస్త్రి చెయ్యి అలాంటిది" అంటారు. ఎక్కడైనా బెడిసిందా, "పెయింటరు తగలేశాడు" అంటారు. ఆ అనేవాళ్ళలో మా బావే ముందుంటాడు. తన పనిలో తప్పుంటుందని ఆయనకి కల్లో కూడా తోచదు. మగపెళ్ళివారి తరఫు మనిషి కదా అని ఇన్నేళ్ళూ నోరు మూసుకుని పడ్డాను. నోరు మూసుకున్నానంటే మా అక్క ఒప్పుకోదు, అది వేరే సంగతి.

ఇక్కడ పని గురించి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. సొట్ట తీసిన రేకు మీద ఇంకా చిన్న గుంట మిగిలిందా, మిట్ట మిగిలిందా అన్నది కంటికి ఆనదు. ఉత్త రేకుకి మెరుపుండదు, మొదటి పూత వేసినా ఉండదు. మెరుపు లేని చోట ఎగుడుదిగుళ్ళు కనబడవు. మెరుపు రంగు పడిన మరుక్షణం మాత్రం ప్రతి గుంటా పళ్ళికిలిస్తుంది. అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు, అంతా గీకి మళ్ళీ మొదలెట్టడమే. అందుకే మేస్త్రి అన్నవాడు రంగుకి ముందే చేత్తో పసిగట్టాలి. బావ రేకు మీద పల్చటి నూలుగుడ్డ పరిచి, కళ్ళు మూసుకుని, అరచేతిని మెల్లగా జరుపుకుంటూ పోయేవాడు. పోతూ పోతూ ఓ చోట ఆగి, "ఇదిగో, ఇక్కడ" అని గోటితో గుర్తు పెట్టేవాడు. నేను తడిమితే ఏమీ తెలిసేది కాదు. వెనక ఇనపదిమ్మ ఆనించి సుత్తితో రెండు దెబ్బలు వేసేవాడు. రంగు కొట్టాక చూస్తే అక్కడ నీళ్ళు నిలిచినంత సాపుగా ఉండేది.

"చెయ్యి చూసినంత కన్ను చూడదురా బామ్మర్దీ" అనేవాడు.

అలాంటి మనిషి చేసిన కారు ఒకటి వెనక్కి వచ్చింది. తలుపు మీద అలలు. నన్నే తిట్టారు, మామూలే. తర్వాత ఇంకొకటి వచ్చింది. ఆ తర్వాత వచ్చినదాన్ని షెడ్డు ఓనరు స్వయంగా ఎండలోకి తోయించి, అటు తిరిగీ ఇటు తిరిగీ చూసి, లోపలికెళ్ళిపోయాడు. మర్నాడు బావని పిలిచి, "కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండు మేస్త్రీ. ఒంటికి కాస్త విశ్రాంతి కూడా కావాలి కదా" అన్నాడు. మంచి మనిషి. అంతకంటే మెత్తగా ఆ మాట ఎవరూ చెప్పలేరు. కానీ పక్కనే కొత్తగా చేరిన మేస్త్రులిద్దరు నవ్వుకున్నారు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. బావకి అక్కడ కాలింది.

"మా ఇంటి వెనక పికప్పుంది, ఓనరుగారూ" అన్నాడు, అందరూ వింటుండగా. "జల్లెడయిపోయిన బండి. దాన్ని నిలబెడతాను. మీరే వచ్చి చూడండి. ఎక్కడైనా ఒక్క అల కనబడిందా, మళ్ళీ జన్మలో సుత్తి ముట్టుకోను."

"అంత మాటెందుకు మేస్త్రీ" అన్నాడు ఓనరు, తన చెప్పుల వైపు చూసుకుంటూ.

"అన్నాను. అంతే."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మా బావ విషయంలో రాజు ఎప్పుడూ పోటీకి కూడా రాలేదు. నాకు మాత్రం ఆ రోజు ఓనరు మీదే కోపం వచ్చింది. బావ చెయ్యి తప్పడమేమిటి, రేకే నాసిరకంది వచ్చి ఉంటుంది అనుకున్నాను. షెడ్డు పని అయ్యాక ఆ బండి పనికి వస్తానని నేనే అన్నాను.

మొదట తీగ పీకేశాం. అక్క బట్టల తాడు విప్పి, ఎదురుగా రెండు గుంజలు పాతి వాటికి బిగించి కట్టాం. వంగిన తాడంటే బావకి పడదు. బట్టల తాడైనా సరే, సూటిగా ఉండాల్సిందే. తర్వాత నేను బండెక్కి డ్రైవరు సీట్లో కూర్చోబోతే, కాలు నేల రేకులోంచి దూసుకుపోయి మట్టికి తగిలింది.

"నడుపు, నడుపు. ఇంజను లేకపోయినా కాళ్ళతో పోవచ్చు" అన్నాడు బావ. చాలా రోజుల తర్వాత ఆయన వేసిన జోకు అది. అక్క వంటింటి కిటికీలోంచి విని నవ్వింది. ఆ నవ్వు కోసమైనా ఈ పని మొదలెట్టడం మంచిదైందని అప్పుడనిపించింది.

తుప్పు పని మొండి పని. పైపైన గీకి రంగు పూస్తే కింద అది తన భోజనం తాను చేస్తూనే ఉంటుంది. మంచి రేకు తగిలేదాకా కోసి పారేయాలి. కోస్తూ పోతే ఒక్కోసారి మంచి రేకు తగలనే తగలదు. చక్రం మీది వంపు కోశాం. తలుపుల కింది అంచులు కోశాం. తొట్టి నేల సగం కోశాం. రోజూ సాయంత్రం ఊడ్చి ఎత్తిపోస్తే ఎర్రటి పొడి చేటలకి చేటలు వచ్చేది. బండి రోజురోజుకీ తక్కువవుతోందే తప్ప బాగవుతున్నట్టు కనబడలేదు.

"కొంచెం లప్పం పెట్టి కప్పేద్దామా బావా?" అన్నాను ఒకరోజు విసిగిపోయి. గుంటలు పూడ్చే ముద్దని మేం లప్పం అంటాం.

"పైన పటారం, లోన లొటారమా? ఆ పని చేసేవాళ్ళు షెడ్డులో ఉన్నారుగా, వెళ్ళి వాళ్ళ దగ్గర చేరు."

లప్పమన్నా, మ్యాట్ రంగన్నా మా బావకి ఒకేలాంటి అసహ్యం. మ్యాట్ అంటే మెరుపు చంపేసిన రంగు. అది కొడితే ఎంత సొట్టరేకైనా నున్నగా ఉన్నట్టే ఉంటుంది, వెలుగు తిరిగి రాదు గనక. ఈ మధ్య కుర్రాళ్ళు మోజు పడి అడుగుతున్నారు. వాళ్ళ సంగతెలా ఉన్నా, ముసలి బండి మ్యాట్ రంగులో కనబడితే పనివాడికి అర్థం ఒక్కటే. "మ్యాట్ అంటే ఏంట్రా? సొట్టల మీద దుప్పటి" అనేవాడు బావ. తెలిసినవాళ్ళు పాత బండి కొనుక్కోబోతూ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. అలా వెళ్ళేటప్పుడు అక్కనడిగి బకెట్‌లో సబ్బునీళ్ళు కలిపించుకుని మరీ వెళ్ళేవాడు. బండి మ్యాట్ రంగులో ఉంటే, మాటామంతీ లేకుండా ఒక చెంబు నీళ్ళు పైనుంచి వదిలేవాడు. సబ్బునీళ్ళు రేకుని పట్టుకుని ఉన్నంతసేపూ అది మెరుపు రంగులాగే మెరుస్తుంది, కింద దాచినవన్నీ బయటపడతాయి. అమ్మేవాడి మొహం చూడాలి అప్పుడు. బావ ఖాళీ బకెట్ ఊపుకుంటూ విజయయాత్ర నుంచి వచ్చినట్టు ఇంటికొచ్చేవాడు.

రేకు ముక్కలు అతకడం మొదలెట్టిన రోజున నాకు సంగతి తెలిసింది. తలుపు కింది అంచుకి కొత్త ముక్క అతుకుతున్నాడు. మంట ఆపి, సాధనం పక్కన పెట్టి, అతుకు ఎలా వచ్చిందో చూద్దామని మూడు వేళ్ళు దాని మీద ఆనించాడు. రేకు ఇంకా ఎర్రగానే ఉంది. మామూలుగా మనిషికి మెదడు చెప్పేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. బావ చెయ్యి రాలేదు. నెమ్మదిగా అంచు వెంబడి జరుపుకుంటూ పోతున్నాడు. నాకు వాసన ముందొచ్చింది.

"బావా!" అని అరిచి మణికట్టు పట్టుకుని లాగేశాను.

ఆయన నా వైపు చిరాగ్గా చూశాడు. తర్వాత తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. ఎవరో వాళ్ళ వేళ్ళు ఆయనకి చూపిస్తున్నట్టు చూసుకున్నాడు.

"ఏం కాలేదు లేరా. కాలి కాలి రాటుదేలిన చెయ్యి ఇది."

నీళ్ళ తొట్టిలో ఆయన చెయ్యి ముంచి, నేను వంటింట్లోకి వెళ్ళాను. గుమ్మం దాటేలోపే నాకు చొక్కా బొత్తాలు గుర్తొచ్చాయి. ఎప్పటినుంచో పొద్దున్నే లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసి, అక్క ఆయన చొక్కాకి బొత్తాలు పెడుతోంది. ఒకసారి అనుకోకుండా తలుపు తోసి చూసి, "ఈ వయసులో ఏమిటక్కా మీ సరసాలు" అని ఏడిపించాను. అక్క సిగ్గుపడినట్టు నవ్వింది. బావ మాత్రం చటుక్కున ఆమె చెయ్యి తోసేసి అటు తిరిగాడు. మగవాడి బిడియం అనుకున్నాను.

"ఎన్నాళ్ళ నుంచక్కా?" అన్నాను.

ఏమిటని ఆమె అడగలేదు. గరిటె కింద పెట్టింది. "చాలా రోజులైందిరా. రుద్దుడు మిషను అదురు కొంత, షుగరు కొంత అన్నాడు డాక్టరు. నరాలు చచ్చిపోయాయంట. పోయినవి రావంట."

"వేళ్ళేనా?"

"జేబులో చెయ్యి పెట్టి తాళం లేదంటారు. నేను పెడితే ఉంటుంది."

బయట బావ ఆ చేత్తోనే సుత్తి పట్టుకుని మళ్ళీ మొదలెట్టాడు. చప్పుడు మాత్రం ఎప్పటిలాగే ఉంది, ఒకే ఎత్తున, ఒకే ఎడంతో.

"బావకి తెలుసా?"

"వేళ్ళు మొద్దుబారాయని తెలుసు. అరచెయ్యి మాత్రం బాగానే ఉందంటారు. నిజంగానే నమ్ముతున్నార్రా. సుత్తి పట్టుకోకపోతే ఆ మనిషి ఎలా బతుకుతారో నాకు తెలీదు. నువ్వేమీ అనకు. ఆ బండి అయ్యేదాకా ఆ నమ్మకం ఉండనీ."

"అయ్యాక?"

అక్క గిన్నె మీద మూత పెట్టి, అది సరిగ్గానే ఉన్నా మళ్ళీ తీసి పెట్టింది.

మింగలేక కక్కలేక అంటారే, ఆ తర్వాతి రోజులన్నీ నాకు అలాగే గడిచాయి. అతుకులు అయిపోయాయి. బండికి నేల వచ్చింది, అంచులు వచ్చాయి. దూరం నుంచి చూస్తే ముచ్చటగానే ఉంది. బావ రోజంతా సొట్టలు తీసేవాడు. గుడ్డ పరిచి, కళ్ళు మూసుకుని, అరచెయ్యి జరిపి, "సాపు" అనేవాడు. వెళ్ళి నేను తడిమేవాణ్ణి. నాది పెయింటరు చెయ్యి, పెద్ద తెలివైంది కాదు. దానికే గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు తెలిసేది.

ఒకరోజు ఆయన భోంచేసి కునుకు తీస్తుంటే, తలుపు మీద పల్చగా నల్లపొడి చల్లి, గరుకు కాగితం చుట్టిన చెక్కతో రుద్దాను. చేత్తో పట్టలేనివాళ్ళు చేసే పద్ధతి అది. మిట్టల మీద నలుపు పోతుంది, గుంటల్లో ఉండిపోతుంది. తన ఎదుట అలా చేసినవాణ్ణి బావ బతకనివ్వడు. రుద్ది వెనక్కి జరిగి చూశాను. తలుపు నిండా నల్లమచ్చలే. ఎక్కడా అరచేతి మేర తెల్లటి జాగా లేదు. గబగబా నలుపంతా తుడిచేశాను. ఎవరో చచ్చిపోయిన కబురు ముందు నాకొక్కడికే తెలిసినట్టుంది.

సరే, నేనే సరిచేద్దామనుకున్నాను. ఆయన లేనప్పుడు గుంటల్లో కాస్త లప్పం నింపి రుద్ది, తుప్పు పట్టకుండా వేసే మొదటి పూతతో కప్పేసేవాణ్ణి. సాయంత్రం ఆయన వచ్చి తడిమి, "ఇక్కడ మిట్టగా ఉందేం?" అని, అక్కడ మిట్ట లేకపోయినా మళ్ళీ కొట్టేవాడు. నేను నింపేది, ఆయన కొట్టేది. నా చేతకాని పని మీద ఆయన చేతకాని పని. ఇలా కొన్నాళ్ళు జరిగాక తలుపు మొదటికంటే అధ్వాన్నంగా తయారైంది. అప్పుడు వదిలేశాను. ఈ బండి సాపు కాదు. ఆ చెయ్యి మళ్ళీ రాదు. ఈ రెండు ముక్కలూ నాకు నేను చెప్పుకోవడానికి చాలా కష్టమైంది.

"ఇక రంగేరా" అన్నాడు బావ ఒకరోజు, చేతులు తుడుచుకుంటూ. "ముదురు నీలం. మీ అక్క ఈ తలుపు ముందు నిలబడి తల దువ్వుకోవాలి. అంత మెరుపుండాలి. వచ్చే ఆదివారం ఓనరుని రమ్మని కబురు పెట్టాను."

శనివారం అక్క ఆయన్ని కాలిన వేళ్ళకి కట్టు మార్పించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను గన్ను కడిగి, నీలం కలిపి, కలిపిన డబ్బా ముందు చాలాసేపు కూర్చున్నాను. మెరుపు కొడితే రేపు ఓనరు ముందు ఆ బండి మా బావ పరువు తీస్తుంది. కొట్టకపోతే ఏ గుంటా కనబడదు. ఓనరు చూస్తాడు, తల ఊపుతాడు, బావ షెడ్డుకి వస్తాడు. సొట్టలు తీయకపోతే పోనీ, ఒక మూల కుర్చీ వేసుకుని పనివాళ్ళని తిడుతూ కూర్చుంటాడు. ఆయన తిట్లకి కూడా విలువుంది. ఇలా ఆలోచించుకుని డబ్బాలో మెరుపు చంపే మందు పోశాను.

నిజం చెప్పాలంటే ఆ మధ్యాహ్నం నాకు సంతోషంగానే ఉంది. గన్ను చక్కగా నడిచింది. ఎక్కడా కారలేదు, ఎక్కడా పొడి పడలేదు. ఆరాక చూస్తే ముదురు నీలంలో, నిండుగా, మచ్చలేకుండా నిలబడింది బండి. దాని కింద ఇన్ని నెలల గతుకులున్నాయని కన్నతల్లి కూడా చెప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బావ వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"మెరుపు లేదేం?"

"ఇప్పుడంతా ఇదే అడుగుతున్నారు బావా. పాత బండికి ఇదే హుందాగా ఉంటుంది. పైగా మంచి మెరుపు పూత దొరకలేదు. దొరికినా ఈ చెమ్మకి..." ఒక అబద్ధం చెప్పాల్సిన చోట మూడు చెప్పాను.

బావ బండి చుట్టూ తిరిగాడు. చెయ్యి మాత్రం వేయలేదు. "బాగుంది" అన్నాడు చివరికి. లోపలికెళ్ళి పడుకున్నాడు. నమ్మాడనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే ఓనరు వచ్చాడు. చేతిలో పళ్ళ సంచి కూడా ఉంది, జబ్బుమనిషిని చూడ్డానికి వచ్చినట్టు. అక్క ఇచ్చిన టీ తాగి, బండి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయనా ఈ పనిలోంచి పైకొచ్చినవాడే. ముసలి బండి, మ్యాట్ రంగు. ఒక్కసారి నా వైపు చూశాడు. నేను గన్ను పైపు చుట్టబెట్టడంలో మునిగిపోయాను. అంతే, ఆయనకి తెలిసిపోయింది.

"బ్రహ్మాండంగా ఉంది మేస్త్రీ" అన్నాడు కొంచెం గట్టిగా. "ఎవడికొస్తుంది ఈ పని? రేపు సోమవారం వచ్చెయ్. నీ చోటు నీకుంది."

అక్క గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా ఒళ్ళంతా తేలికైంది. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను.

"ఒక్క నిమిషం ఆగండి, ఓనరుగారూ" అన్నాడు బావ. అక్క వైపు తిరిగాడు. "బకెట్‌లో సబ్బునీళ్ళు కలుపుకురా."

"దేనికండీ?" అంది అక్క. దేనికో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? ఇన్నేళ్ళూ ఆ బకెట్ కలిపిచ్చింది ఆమే.

"కలుపుకురా."

"రంగు పచ్చిగా ఉంది బావా" అన్నాను. "రేపు కడుక్కుందాం."

"నువ్వు కొట్టిన రంగు పొద్దెక్కినా ఆరలేదా?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఎగతాళి లేదు, కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

అక్క తీసుకొచ్చింది. దారి పొడవునా బకెట్‌లోంచి నురగ పడింది. బావ చెంబు ముంచి ఎత్తాడు. చెంబు జారబోతే రెండో చేత్తో కూడా పట్టుకున్నాడు. తలుపు పై అంచు నుంచి మెల్లగా వదిలాడు. సగం నీళ్ళు ఆయన చొక్కా మీదే పడ్డాయి. మళ్ళీ ముంచాడు. మళ్ళీ వదిలాడు. తలుపంతా ఒక్కసారిగా వెలిగింది.

ఎదురుగా రెండు గుంజలకి మేం బిగించి కట్టిన బట్టల తాడు ఉంది. దాని మీద ఆ పూట బట్టల్లేవు. గీత గీసినంత సూటిగా ఉన్న ఆ తాడు తలుపులో కనబడింది. లేస్తూ, కుంగుతూ, మళ్ళీ లేస్తూ, ఒక చోట రెండుగా చీలి, ఒక చోట మాయమై, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెలికలు తిరిగింది. ఆ తాడు ముందు నిలబడిన మా నలుగురి మొహాలూ అలాగే ఉన్నాయి.

బావ కళ్ళు తెరుచుకునే చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని, కట్టు లేని ఎడమ అరచేతిని తడి రేకు మీద పెట్టి, ఆ చివరి నుంచి ఈ చివరికి జరిపాడు.

"చేతికి మాత్రం సాపుగానే ఉందిరా" అన్నాడు.

ఓనరు కల్పించుకున్నాడు. "మేస్త్రీ, పాత రేకు కదా, ఆ మాత్రం ఎవరికైనా..."

"మెరుపే కొట్టి ఉంటే" అన్నాడు బావ, ఓనరు మాట వినిపించుకోకుండా, నా వైపు తిరిగి, "నిన్నే తిట్టేవాణ్ణిరా బామ్మర్దీ. పెయింటరు తగలేశాడు అనేవాణ్ణి. ఓనరుగారి ముందే నీతో తగువు పెట్టుకునేవాణ్ణి."

అది నిజం. నాకు అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళూ ఆయన తప్పు నా నెత్తిన వేస్తే మోశాను. ఒక్కసారి, ఈ ఒక్కసారి కూడా మోసి ఉంటే చాలు. ఆ అలలన్నీ నా రంగులోవే అని నమ్ముకుని, నన్ను తిట్టుకుంటూ, తన చెయ్యి తనకే ఉందనుకుంటూ బతికేవాడు. నేను ప్రేమ కొద్దీ దుప్పటి కప్పాను. దుప్పటి ఎందుకు కప్పుతారో ఆయనకంటే తెలిసినవాడు లేడు. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

ఎండ ఎక్కుతోంది. తలుపు పై అంచు నుంచి తడి ఆరడం మొదలైంది. ఆరినంత మేరా మెరుపు పోయి, నీలం మళ్ళీ నిండుగా, నున్నగా, ఏ తప్పూ లేనట్టు కనబడింది. తాడు ముక్కలు ముక్కలుగా చెరిగిపోయింది. మా మొహాలు కూడా పోయాయి.

"ఆరిపోయింది కదా మేస్త్రీ. ఇప్పుడేమీ కనబట్టం లేదు" అన్నాడు ఓనరు. పళ్ళ సంచి అరుగు మీద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టాడు.

బావ చొక్కా ముందు భాగమంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. బొత్తాం విప్పుకోబోయాడు. వేళ్ళు బొత్తాం మీద తిరిగాయి, పక్కకి పోయాయి, మళ్ళీ వెతుక్కున్నాయి. అక్క బకెట్ పక్కకి జరిపి ఆయన ముందుకొచ్చింది. ఓనరున్నాడు, నేనున్నాను, గోడవతల పక్కింటివాళ్ళున్నారు. చెయ్యి తోసేస్తాడనుకున్నాను. ఆమె ఒక్కొక్క బొత్తామే విప్పుతుంటే, చేతులు రెండూ కిందికి వదిలేసి, అలాగే నిలబడ్డాడు.